బేగంపేటలో మా పెళ్లివాళ్లందరినీ కాంటా ఎక్కించారు

మా అక్క పెళ్లికి హెలికాప్టర్ మాట్లాడామని తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలు, ఆఫీసువాళ్లు అందరూ రేటెంత అనే అడుగుతున్నారు. అది చివర్లో రూపాయలతో సహా చెప్తాను. మా ఇంట్లో అసలు గొడవ డబ్బు దగ్గర రాలేదు, బరువు దగ్గర వచ్చింది. ఆ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే సగం టెన్షన్ తప్పేది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

పెళ్లి మే రెండో వారంలో, కొంపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో. ముహూర్తం పొద్దున పదిన్నర దాటాక. బావ వాళ్లది జగిత్యాల దగ్గర పల్లె. అప్పగింతలు అయ్యాక అక్కను అక్కడిదాకా హెలికాప్టర్‌లో పంపాలని నాన్న కోరిక. నాన్న లారీ క్లీనర్‌గా సిటీకి వచ్చిన మనిషి. మేం రసూల్‌పురాలో అద్దెకున్న రోజుల్లో విమానాలు మా ఇంటి మీద నుంచే పక్కనున్న బేగంపేట ఎయిర్‌పోర్టులో దిగేవి. 2008 మార్చిలో అవన్నీ శంషాబాద్‌కు తరలిపోయేదాకా పొద్దున మాకు వేరే అలారం అక్కర్లేకపోయేది. "నీ పెళ్లికి ఈడికెళ్లే ఎక్కిస్త బిడ్డా" అని అప్పట్లో అక్కకు మాటిచ్చాడట. సొంతంగా బోరు బండ్లు కొన్నాక ఆ మాట మళ్లీ బయటికొచ్చింది.

ఫిబ్రవరి చివర్లో ఫోన్లు మొదలుపెట్టాను. బ్రోకర్లు "ఆరుగురు హాయిగా కూర్చోవచ్చు సార్" అంటూ లోపలి సీట్ల ఫొటోలు పంపారు. ఒక కంపెనీలో ఆపరేషన్స్ చూసే మేడమ్ మాత్రం రేటు చెప్పకముందే ప్రశ్నలు వేసింది. ఎవరెవరు వస్తారు, ఒక్కొక్కరి బరువెంత, ఎన్నింటికి బయలుదేరతారు, దిగే చోట చెట్లు, కరెంటు తీగలు ఉన్నాయా? అడిగిన తీరు చూసి అక్కడే ఖాయం చేసుకున్నాం. హెలికాప్టర్ బెల్ 407. పైలట్‌తో కలిపి ఏడు సీట్లు. ముందు కుడివైపు పైలట్, ఆయన పక్కన ఒకరు, వెనక ఎదురెదురుగా ఇద్దరు, ముగ్గురు.

మార్చి మొదటి వారంలో సగం డబ్బు అడ్వాన్సు కట్టడానికి నాన్న, నేను వెళ్లాం. అప్పుడు చెప్పింది మేడమ్.

"సీట్లు ఆరున్నాయని ఆరుగురిని తీసుకెళ్లగలమని కాదండీ. మే నెల, సాయంత్రం నాలుగు గంటలు, నలభై దాటిన ఎండ. వేడికి గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు చిక్కదు, ఇంజన్ బలం కూడా తగ్గుతుంది. ఊళ్లో దిగేటప్పుడు గాల్లో నిలబడి మెల్లగా కిందికి రావాలి, దానికి ఇంకా ఎక్కువ బలం కావాలి. అక్కడ ఫ్యూయల్ దొరకదు కాబట్టి తిరిగి రావడానికి సరిపడా ఇక్కడి నుంచే మోసుకెళ్లాలి. ఇవన్నీ పోను మనుషులు, సామాను కలిపి మీకు 450 కేజీలు. ఆ రోజు ఎండను బట్టి అదీ తగ్గొచ్చు."

మర్నాడు పొద్దున ఏడింటికి పెట్టుకుంటే ఇంకా చాలా బరువు పడుతుందని కూడా అంది. నాన్న ఒప్పుకోలేదు. అదే రోజు దీపాలవేళకు కోడలు గడప దాటాలని బావ వాళ్ల పంతులు చెప్పాడు. నాలుగింటికంటే ఆలస్యం చేయడానికీ లేదు. ఇది ఒకే ఇంజన్ హెలికాప్టర్, రాత్రి ఎగరకూడదు. మమ్మల్ని దింపి పొద్దుగూకేలోపు బేగంపేటకు తిరిగొచ్చేయాలి.

నాకో సందేహం వచ్చింది. ఢిల్లీకి, బెంగళూరుకు విమానంలో తిరుగుతూనే ఉన్నాం, బ్యాగులు తూచారే గానీ మనిషిని ఎవరూ తూచలేదే? అక్కడ సగటు లెక్క వేస్తారట. మన దేశంలో పెద్దవాళ్లకు చేతిసంచితో కలిపి 75 కేజీలు, పన్నెండేళ్లలోపు పిల్లలకు 35, రెండేళ్లు నిండని పసివాళ్లకు 10. నూట ఎనభై మంది ఎక్కే విమానంలో ఒకరు లావుంటే ఒకరు సన్నముంటారు, అటూ ఇటూ సర్దుకుపోతుంది. "ఆరుగురిలో ఏం సర్దుకుంటుంది? ఇద్దరు లావుపాటివాళ్లు ఒకే పక్క కూర్చుంటే అయిపోయె" అంది మేడమ్.

ఆ రాత్రి ఫోన్‌లో ఇవే వెతుకుతూ కూర్చున్నాను. 2023లో న్యూజిలాండ్ విమాన సంస్థ ఆక్లండ్‌లో పదివేల మంది ప్రయాణికులను గేటు దగ్గర కాంటా ఎక్కించి సగటు లెక్క సరిచూసుకుందట. 2020 జులైలో ఇంగ్లండ్‌లో ఇంకో వింత. బర్మింగ్‌హామ్ నుంచి బయలుదేరిన ఒక విమానంలో, పేరు ముందు "మిస్" అని ఉన్న 38 మంది ఆడవాళ్లను కంప్యూటరు చిన్నపిల్లలుగా లెక్కేసింది. కాగితం మీద బరువు 1,244 కేజీలు తక్కువ పడింది. పెద్ద విమానం కాబట్టి క్షేమంగానే వెళ్లింది. ఇది చదివాక మా లిస్టు గురించి భయం పట్టుకుంది.

ఇంట్లో భయం వేరే రకం. హెలికాప్టర్ మాట ఎత్తగానే మా పెద్దమ్మ బాలయోగి, సౌందర్య, రాజశేఖరరెడ్డి అని వరసగా పేర్లు చదివింది. సౌందర్యది చిన్న విమానం పెద్దమ్మా అంటే, "ఏదైతేంది, పైకెళ్లి పడ్డదే కదా" అంది. అమ్మ మొదటి రోజే తేల్చి చెప్పేసింది, నేను ఎక్కనని.

చివరికి లిస్టు ఇలా తేలింది: అక్క, బావ, నాన్న, తోడు వెళ్లడానికి నానమ్మ, బావ వాళ్లమ్మ, బావ వాళ్ల చిన్నాన్న. ఈ చిన్నాన్న ఊళ్లో పెద్దమనిషి. ఆయన లేకపోతే హెలిప్యాడే లేదు. స్కూల్ గ్రౌండుకు అనుమతి, పోలీసు కాగితం, కలెక్టరేట్‌లో ఫైలు, ఆ రోజుకు ఫైరింజన్, అంబులెన్స్ అన్నీ ఆయనే తిరిగి చేయించాడు. దానికే మూడు వారాలకు పైగా పట్టింది. గ్రౌండు నాలుగు వైపులా వీడియో తీసి, లొకేషన్‌తో సహా కంపెనీకి పంపాలి. సున్నంతో పెద్ద హెచ్ గుర్తు వేయాలి, దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు కొట్టించాలి. షామియానాలు, బెలూన్లు, పూలరేకులు దరిదాపుల్లో ఉండకూడదు.

పెళ్లికి రెండు వారాల ముందు ఫారం వచ్చింది. ఆధార్‌లో ఉన్నట్టు పేరు, వయసు, బరువు, సామాను. కాంటా మీద చూసుకుని చెప్పండి అని అందరికీ ఫోన్ చేశాను. నవ్వారు. "ఎనభై రెండు రాసుకో" అన్నాడు నాన్న టీవీ మీద నుంచి కళ్లు తిప్పకుండా. చిన్నాన్న 85 అన్నాడు. బావ వాళ్లమ్మ బరువు బావ చెప్పాడు, 66. బావ 72, అక్క 57, నానమ్మ 45. మొత్తం 407, సామానుకు 30 వేసుకున్నా 437. "చూడండి, పదమూడు కేజీలు మిగిలింది" అని నాన్న సంబరపడ్డాడు. మేడమ్‌కు ఫోన్ చేసి చెప్తే, "సరేనండీ, ఆ రోజు మేం ఎలాగూ మళ్లీ తూస్తాం" అంది. ఆ గొంతు బట్టే అర్థమైంది, ఈ లెక్కలు ఆమె చాలా చూసి ఉంటుంది.

ఇక పెళ్లిరోజు. అప్పగింతలు, ఏడుపులు అయ్యి కొంపల్లి నుంచి బయలుదేరేసరికి రెండుంపావు. మూడింటికి బేగంపేటలో ఉన్నాం. పాత ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్లడం నాకదే మొదటిసారి. ఆధార్ కార్డులు చూశారు, సామాను ఎక్స్‌రేలో పెట్టారు. ఇక్కడ మేం అనుకోనిది ఒకటి జరిగింది. ఒడిబియ్యంలో పెట్టిన ఎండు కుడుకలు తీసేయమన్నారు. ఎండు కొబ్బరిలో నూనె ఉంటుంది, దానంతటదే వేడెక్కి అంటుకునే వస్తువుల కింద లెక్కట. నానమ్మ గొణుక్కుంటూనే తీసి నా చేతిలో పెట్టింది. హారతి కర్పూరం కూడా బయటే ఆపేశారు. హెలికాప్టర్‌కు కుంకుమ బొట్టు మాత్రం పెట్టనిచ్చారు.

తర్వాత ఒక చిన్న ఏసీ గదిలోకి తీసుకెళ్లారు. మూలన కాంటా ఉంది. స్టీలు ప్లేటు, దాని మీద నల్ల రబ్బరు మ్యాటు. అంకెలు కనపడే డబ్బా వైరుతో విడిగా ఉంది, దాన్ని మేడమ్ తన వైపు తిప్పుకుని బల్ల మీద పెట్టుకుంది. ముందుగా ఒక ఇనప గుండు ప్లేటు మీద పెట్టి, సరిగా 20 చూపించాక తీసేసింది. చెప్పులు, ఫోన్లు, చేతిసంచులు, పూలదండలు దేంతో ఎక్కుతారో వాటన్నిటితో ఒక్కొక్కరు నిలబడాలి. అంకె పైకి చదవదు, కాగితం మీద రాసుకుంటుంది అంతే.

"గొర్లను జోకినట్టు మనుషులను జోకుతున్రేంది" అంది నానమ్మ. అంటూనే మొదట తనే ఎక్కింది.

అక్క ఎక్కితే అంకె నిలవలేదు. ఏడ్చి ఏడ్చి ఇంకా వెక్కిళ్లు వస్తున్నాయి. మేడమ్ ఒక గ్లాసు నీళ్లిచ్చి, తాగేదాకా ఆగి, మళ్లీ నిలబడమంది. పట్టుచీర, నగలు, నడుముకు కట్టిన ఒడిబియ్యం. ఈ మూట విప్పి పక్కన పెట్టొచ్చా అని మెల్లగా అడిగింది. నానమ్మ చూసిన చూపుకు వెంటనే, "వద్దులెండి, కలిపే రాసుకుంటాను" అంది.

చిన్నాన్న ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాడు. దిగాక ఊరుకోకుండా బల్ల మీదికి వంగి కాగితం చూశాడు. "101? మీ మిషన్ ఖరాబైంది మేడమ్!" ఆమె ఏమీ అనలేదు. ఇందాకటి గుండు మళ్లీ ప్లేటు మీద పెట్టింది. 20.0. చిన్నాన్న ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు.

అక్క 68, బావ 77, నాన్న 94, నానమ్మ 43, బావ వాళ్లమ్మ 74, చిన్నాన్న 101. మనుషులే 457. రెండు సూట్‌కేసులు, సారె బుట్టలు 52. మొత్తం 509. నానమ్మ ఒక్కతే చెప్పినదానికంటే తక్కువ తూగింది.

పైలట్ యాభై ఏళ్ల మనిషి, తక్కువ మాట్లాడతాడు, ఎయిర్‌ఫోర్స్‌లో చేసి వచ్చాడట. ట్యాబ్‌లో ఏవో నొక్కి చూసుకుని, "42 డిగ్రీలు ఉంది. 450 ఇవ్వలేను, 430" అన్నాడు. సామానంతా కారులోకి పోయింది. అయినా 27 కేజీలు ఎక్కువే. ఫ్యూయల్ కాస్త తగ్గించుకోండి అని బావ అంటే పైలట్ తల అడ్డంగా ఊపాడు. "ఎవరు దిగాలో మీరు మాట్లాడుకోండి, పది నిమిషాలు ఇస్తాను" అని బయటికి వెళ్లాడు.

ఆ పది నిమిషాలు చాలా కష్టంగా గడిచాయి. లెక్క ప్రకారం ఎవరు దిగినా సరిపోతుంది. ఆరుగురిలో 27 కంటే తక్కువున్నవాళ్లు లేరు కదా. కానీ ఆడపిల్లవాళ్లం మేము. వియ్యాలవారి పెద్దమనిషిని, అందులోనూ ఊరంతా గ్రౌండులో ఎదురుచూస్తున్న మనిషిని, దిగమని ఏ నోటితో అడుగుతాం? ఆయన కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. బావ వాళ్లమ్మ పాపం లేవబోయింది, బావ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. నానమ్మ "నేను కారుల వస్త తీయ్" అంటే అక్క ఆమె కొంగు వదల్లేదు. అప్పటిదాకా ఆగిన ఏడుపు మళ్లీ మొదలైంది.

నాన్న లేచాడు. "నేను పోతలే కారుల."

"నాన్నా, పైసలు కట్టింది నువ్వు" అన్నాను. నాకు కోపమొచ్చింది, దాచుకోలేదు కూడా.

"పైసలు కడితే బరువు తగ్గుతదారా?" అని నవ్వాడు. చిన్నాన్నకు వినపడాలనే కాస్త గట్టిగా అన్నాడని నా అనుమానం.

మేడమ్ కాగితం మీద కొట్టివేసి, కూడి, తలెత్తింది. "సార్ దిగితే ఇంకా 67 మిగులుతుంది. సన్నగా ఉన్నవాళ్లు ఎవరైనా రావచ్చు." అందరూ నా వైపు తిరిగారు. బూట్లతో, జేబులో కుడుకలతో కాంటా ఎక్కబోతే కుడుకలు లాక్కున్నారు. 62. మొత్తం 425. నాన్న తన ఫోన్ నా చేతిలో పెట్టి, "మంచిగ వీడియో తియ్యి, ఊగకుండ" అన్నాడు. నేను సంతోషపడాలో ఏడవాలో తెలియని స్థితి. ఇలా ఎక్కాల్సి వస్తుందని తెలిసుంటే పొద్దున సరిగ్గా తినేవాణ్ణి.

అంతటితో అయిపోలేదు. ఎవరెక్కడ కూర్చోవాలో కూడా పైలటే చెప్తాడు. చిన్నాన్న తెల్ల చొక్కా, కండువా వేసుకుని ముందు సీటు కోసమే వచ్చాడు, దిగుతూ ఊరివాళ్లకు చెయ్యి ఊపాలని. పెద్ద బరువు రెక్కల స్తంభానికి దగ్గరగా, నట్టనడుమ ఉండాలని చెప్పి పైలట్ ఆయన్ను వెనక వరసలో మధ్యలో కూర్చోబెట్టాడు. ఆ వరసలో ముగ్గురే. అటు పక్క పెళ్లికూతురు, ఇటు పక్క పెళ్లికొడుకు. వాళ్లకెదురుగా, వెనక్కి తిరిగి ఉన్న సీట్లలో నానమ్మ, బావ వాళ్లమ్మ. ముందు సీటు నాకొచ్చింది. పెళ్లి ఆల్బమ్‌లో హెలికాప్టర్ ఫొటోలన్నిట్లో కొత్త దంపతుల మధ్య చిన్నాన్న కండువాతో ఉంటాడు. అది చూసే అక్క మొదటిసారి నవ్వింది.

నాలుగూ పదికి లేచాం. చప్పుడు అనుకున్నదానికంటే ఎక్కువ, హెడ్‌సెట్ పెట్టుకోకపోతే మాటలు వినపడవు. మొదట జానెడు ఎత్తులో కాసేపు నిలబెట్టాడు పైలట్. మీటర్ల వైపు చూసి, తృప్తిగా తలాడించి ముందుకు వంచాడు. రసూల్‌పురా రేకుల ఇళ్లు, బోయిన్‌పల్లి, కాసేపటికి అంతా ఎండిన చేలు. వేడిగాలికి కుదుపులు బాగానే ఉన్నాయి. వెనక్కి తిరిగి కూర్చున్నందుకేమో బావ వాళ్లమ్మకు వాంతి వచ్చింది. సీటు జేబులో కవర్లున్నాయి గానీ పట్టుచీర కొంగు కొంచెం పాడైంది. నానమ్మ కళ్లు మూసుకుని దారంతా ఏదో జపించింది. భయమేసిందా అని తర్వాత అడిగితే, "చల్లగుండె, కునుకు పట్టింది" అని చెప్పింది.

ముప్పావు గంటలో ఊరొచ్చింది. గ్రౌండు చుట్టూ ఒక చుట్టు తిరిగి చూసుకుని దిగాడు. ట్యాంకరు నీళ్లు ఎండకు ఎప్పుడో ఆరిపోయాయి, దుమ్ము దుమ్మే. బాజాలవాళ్లు కళ్లు మూసుకునే వాయించారు. మమ్మల్ని దింపి పావుగంటలో హెలికాప్టర్ వెళ్లిపోయింది.

నాన్న కారు చేరేసరికి తొమ్మిది. దీపాలవేళ గృహప్రవేశం ఆయన లేకుండానే అయిపోయింది. అక్క బట్టలన్నీ ఆ కారులోనే ఉన్నాయి కాబట్టి తొమ్మిది దాకా ఆ పట్టుచీరలోనే ఉక్కపోతలో కూర్చుంది. హెలికాప్టర్ మాట్లాడుకునేవాళ్లు పెళ్లికూతురి చేతిసంచిలో ఒక కాటన్ చీర పెట్టి, దాన్ని కూడా బరువులో రాయించండి.

డబ్బు సంగతి. గంటకు 1,35,000. రానుపోను కలిపి ఎగిరింది గంటన్నర పైచిలుకే అయినా కనీసం రెండు గంటల బిల్లు కట్టాలి, అంటే 2,70,000. ఖాళీగా తిరిగి వెళ్లిన సమయం కూడా మన ఖాతాలోదే. బేగంపేటలో హ్యాండ్లింగ్ ఖర్చులు 18,000. మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. అంతా కలిపి 3,39,840. ఊళ్లో ట్యాంకరు, సున్నం, ఫైరింజన్ వగైరా ఇరవై రెండు వేలు విడిగా. మనిషి తగ్గినా, సామాను తగ్గినా బిల్లు తగ్గదు, మనం తీసుకునేది మొత్తం హెలికాప్టర్‌ను కాబట్టి.

బ్యాలెన్సు కట్టడానికి పెళ్లయిన వారానికి మళ్లీ వెళ్లాను. ఇదే ప్రయాణం చలికాలం పొద్దున పూట అయితే ఎంత ఇచ్చేవారని ఊరికే అడిగాను. మేడమ్ లెక్క చూసి, 500 పైనే వచ్చేదండీ అంది. నాన్నతో ఆ ముక్క చెప్పలేదు. మొన్న చిన్నాన్న ఫోన్ చేశాడు. వాళ్లబ్బాయి పెళ్లి మాఘమాసంలోనట, కంపెనీ నంబరు కావాలన్నాడు. ఇచ్చాను. ఆయన బరువు వాళ్ల దగ్గర రాసిపెట్టే ఉంది, కొత్తగా చెప్పనక్కర్లేదని కూడా చెప్పాను.